దాటేసిన పేజీ

పోయిన వారం రామాంజినమ్మ బొటనవేలు సిరా దిండు మీదికి దిగబోతుండగా ఆగాం. కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు. పామిడిలో రాజేంద్ర దుకాణానికి పన్నెండేళ్లుగా నైటీలు కుట్టిన పదకొండు మంది ఆడవాళ్లు, ఆయన దుకాణం పేరున్న చీటీ ఇక తమ కుట్టు మీద వద్దనుకున్నారు. సొంత కంపెనీ పెట్టుకోవాలని నిశ్చయించుకున్నారు. ముందుండి నడిపిస్తున్న హేమావతి తన ఫోన్‌లోనే, కంపెనీలు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటులో లాగిన్ తయారుచేసుకొని, 'సూదిదారం గార్మెంట్స్ ప్రైవేట్ లిమిటెడ్' అనే పేరును తానే దాఖలు చేసింది. పేరు ఖాయమైంది. ఆ పేరు వీళ్లకోసం ఇరవై రోజులే ఆగుతుంది. పదకొండు రోజులు అప్పుడే గడిచాయి. బెంగుళూరులో ఒక దుకాణం వాళ్లు కూడా, నెలాఖరులోగా కంపెనీ సర్టిఫికెట్ చూపిస్తేనే సరుకు తీసుకుంటామన్నారు. మిగతా కాయితాలు తయారు చేయడానికి అనంతపురం నుంచి జయచంద్ర అనే కన్సల్టెంటును పెట్టుకున్నారు. ఆయన తెచ్చిన కట్ట మీద పది మంది సంతకాలు చేశారు. సంతకం రాని రామాంజినమ్మ మాత్రం చాచిన వేలు వెనక్కి తీసుకుంది.

"సదువు," అంది.

జయచంద్ర నవ్వాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో ల్యాప్‌టాప్ సంచి. పొద్దున పదకొండుకే షెడ్డు రేకులు కాగిపోతున్నాయి. ఫ్యాన్ తిరుగుతోంది గాని వేడిగాలినే తెచ్చి మొహాన కొడుతోంది.

"అవ్వా, ఇదంతా ఇంగ్లీషు. నీకేం అర్థమైతాది? అందరూ పెట్టినారు గదా. నువ్వూ ఆ వేలు అద్దేస్తే నేను బస్సు పట్టుకుంటా."

"వాళ్లకు అచ్చరాలొచ్చు, సూసుకొని పెట్టినారేమో. నాకు చెవులే ఉండేది. చెవులకు ఇనిపియ్యి."

హేమావతి తల దించుకుంది. ఆమె చూసుకొని పెట్టలేదు. ఎవరూ చూసుకోలేదు. 'ఇక్కడ, ఇక్కడ, మళ్లీ ఇక్కడ' అని ఆయన వేలు చూపిస్తూ పోతే, ఆ వేలి వెనకే పది మంది పెన్నులూ నడిచాయి. ఇంటర్ చదివిన మనిషి. ఎనిమిది నెలలుగా ఈ కంపెనీ కోసం తిరుగుతున్న మనిషి. ముప్పై పేజీల కట్టలో ఒక్క పేజీ కూడా చదవకుండా సంతకం గీకింది. సిగ్గేసింది ఆమెకు.

"పెద్దమ్మ అడిగిందాంట్లో తప్పేముంది సారూ," అంది. "సదవండి. మేమూ ఇంటాం."

"టైమెక్కడిది హేమావతమ్మా..."

"సార్." పక్కనుంచి కృపాకుమారి వంగి కాయితం చూస్తోంది. గుత్తిలో డిగ్రీ రెండో ఏడు దాకా చదివి, పెళ్లితో ఆపేసిన పిల్ల. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆమే. "వేలిముద్ర పక్కన ఇంకో సంతకానికి చోటు పెట్టినారు. అదెవరిది?"

"నాదేలేమ్మా. ముద్ర వేసినవాళ్ల పేరు పక్కన ఇంకొకరు రాయాల. రూలు."

"దాని కింద ఇంకా ఉంది సార్. 'ఈ కాయితాల్లోని సంగతులన్నీ ఈమెకు చదివి వినిపించి, వివరించినాను' అని." కృపాకుమారి తలెత్తింది. "దాని కింద మీరు సంతకం పెట్టాల. చదవకుండా ఎట్లా పెడతారు?"

జయచంద్ర మొహంలో నవ్వు కొంచెం చిన్నదైంది. చుట్టూ చూశాడు. మిగతావాళ్లు కుట్టుమిషన్ల ముందు నుంచి లేచి, కటింగ్ బల్ల చుట్టూ చేరారు. ఇక తప్పదని కుర్చీ లాక్కున్నాడు.

చదవడం మొదలుపెట్టాడు. నిజానికి చదవడం కాదు, చెప్పడం. కంపెనీ పేరు ఇది. ఆంధ్రప్రదేశ్‌లో ఉంటుంది. వాటాదార్లు పదకొండు మంది, అందరికీ సమానం. మీటింగు పెట్టాలంటే ముందుగా అందరికీ నోటీసు పంపాలి. ఒక్కో పేజీ తిప్పుతూ, తెలుగులోకి మారుస్తూ పోతున్నాడు. వింటున్నవాళ్లు తలలూపుతున్నారు.

రామాంజినమ్మ తలూపలేదు. ఆమె చూపు ఆయన నోటి మీద లేదు, కాయితం మీద ఉంది. ఇరవై ఆరేళ్లుగా బట్ట కత్తిరించే మనిషి. ఇరవై పొరల గుడ్డ బల్ల మీద పరిస్తే, పై పొర కింద పొర కంటే అర అంగుళం జరిగినా ఆమె కన్ను పట్టేస్తుంది. అక్షరం తెలియకపోయినా, ఒక పేజీలో ఎంత నల్లగా ఉంది, ఎంత తెల్లగా ఉందన్నది ఆమెకు కొలతే.

"ఆగు సారూ."

జయచంద్ర చేయి ఆగింది.

"దీనికి ముందర పేజీ సగమే అచ్చుండాది. దాన్ని శానాసేపు సదివితివి. ఈ పేజీ పైనుంచి కిందికి నిండా ఉండాది. రెండు మాటలు చెప్పి ఎగిరిపోతివి. ఈడ ఏముండాది?"

"అదంతా మామూలుదే అవ్వా. అన్ని కంపెనీలకూ ఉండేదే."

"మామూలుదైతే మామూలుగానే సదువు."

"అబ్బా, నీతో..." జయచంద్ర పేజీ తిప్పేశాడు. దాంతోపాటు దాని వెనక పేజీ కూడా తిరిగింది. రామాంజినమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు, గుడ్డ జారకుండా పట్టుకున్నట్టు పట్టుకుంది.

"కృపమ్మా, నువ్వు సదువు."

కృపాకుమారి కట్ట అందుకుంది. ఆమె ఇంగ్లీషు నెమ్మదిగా నడుస్తుంది. ఒక్కో మాటనూ ముందు పెదాలతో తడిమి, తర్వాత తెలుగు చెబుతుంది.

"మొదటి డైరెక్టర్లు. ఒకటి, హేమావతి. రెండు, కృపాకుమారి. మూడు..." ఆగింది.

"నేనే గదా," అంది వెనకనుంచి కదిరమ్మ. కాజాలు కుట్టే కదిరమ్మ మూడో డైరెక్టరని అందరూ కూర్చొని ఎంచుకున్న మాట. అందుకోసం ఆధార్, పాన్ కార్డుల్లో పేరు తేడా సరిచేయించుకోవడానికి ఆమె మూడుసార్లు అనంతపురం తిరిగింది.

"లేదక్కా." కృపాకుమారి గొంతు తగ్గింది. "రాజేంద్ర అని ఉంది."

బయట నీళ్ల ట్యాంకరు హారన్ కొడుతోంది. ఎవరూ బిందె తీసుకొని పోలేదు.

"ఇంకా సదువు," అంది హేమావతి.

"ఈయన బతికున్నంత కాలం డైరెక్టరుగా ఉంటాడు. ఈయన లేకుండా ఏ మీటింగూ చెల్లదు. ఈయన రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే ఎవరూ తమ వాటా ఇంకొకరికి ఇవ్వకూడదు. ఈ షరతులు మార్చాలన్నా ఈయన సంతకం కావాల." కృపాకుమారి రెండు పేజీలు వెనక్కి తిప్పింది. "కంపెనీ ఏం పని చేయొచ్చో రాసిన చోట కూడా సార్ చెప్పింది వేరే. ఇక్కడ ఉంది వేరే. 'ఇతరులు ఇచ్చిన గుడ్డను వాళ్ల ఆర్డరు ప్రకారం కుట్టి ఇవ్వడం.' అంతే ఉంది. సొంతంగా గుడ్డ కొని కుట్టి అమ్మే మాట యాడా లేదు."

"అంటే?" అడిగింది కదిరమ్మ.

"అంటే ఇప్పుడు చేస్తాండే కూలిపనే," అంది హేమావతి. "కంపెనీ అని బోర్డు పెట్టుకొని చేసేది."

ఆమె జయచంద్ర వైపు తిరిగింది. కోపం వస్తే హేమావతి గొంతు పెరగదు, మాటలు పొట్టివవుతాయి.

"డిజిటల్ సంతకం కోసం తీసిన కదిరమ్మక్క వీడియో వెరిఫికేషన్ ఫెయిలైందని చెప్పినారు మీరు."

"అయ్యింది గదమ్మా..."

"అయ్యిందా? చేసినారా?"

జయచంద్ర ల్యాప్‌టాప్ సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఫోన్ తీసుకొని గుమ్మం బయటికి నడిచాడు. రెండు నిమిషాలు మాట్లాడాడు. పది నిమిషాల్లో షెడ్డు ముందు బైకు ఆగింది.

రాజేంద్ర అరిచే మనిషి కాదు. తెల్ల చొక్కా, నుదుట చిన్న బొట్టు, ఎవరినైనా అమ్మా అనే పిలుపు. లోపలికి రాగానే చెప్పులు గుమ్మంలోనే విడిచాడు.

"ఏమమ్మా హేమా, ఏమో గొడవంట?"

"గొడవేం లేదన్నా. సదువుకుంటాండాం."

"మంచిదే. సదువుకోండి." కుర్చీలో కూర్చున్నాడు. "నేను మీ మంచికే పెట్టించినా. రేపు జీఎస్టీ వాళ్లొస్తారు, బ్యాంకోళ్లొస్తారు, ప్రతి ఏడూ లెక్కలు దాఖలు చెయ్యల్ల, ఆలస్యమైతే జరిమానా. మీలో ఎవురికి తెలుసు ఇవన్నీ? ఒక అనుభవమున్న మనిషి పైన ఉంటే మీకే కదా ధైర్యం?"

"మంచికైతే మాతో చెప్పి పెట్టొచ్చు గదన్నా. సారు సదవకుండా దాటేసే పేజీలో ఏమిటికి పెట్టినారు?"

"చెబితే వద్దంటారని."

ఆ మాట ఆయన నోటినుంచి జారిన తీరుకు ఎవరో వెనక నవ్వారు. రాజేంద్ర చెవులు ఎర్రబడ్డాయి.

"పన్నెండేండ్లు నేను పని ఇచ్చినా మీకు. కరువులో, కరోనాలో. ఊర్లో సగం మంది బెంగుళూరు బస్సెక్కి పోతాంటే మీ ఇండ్లలో పొయ్యి వెలిగింది ఎవరి వల్ల?"

"మా వల్ల," అంది రామాంజినమ్మ. బల్ల దగ్గర నుంచి కదలలేదు ఆమె. "నువ్వు ఊరికే ఇచ్చినావా రాజేంద్రా? మేం కుట్టినాం, నువ్వు అమ్మినావు. పన్నెండేండ్లు నీకు మేమూ పని ఇచ్చినాం. యాపొద్దన్నా నీ ముందర ఈ మాట అన్నామా?"

ఆమె ఆయన్ని పేరు పెట్టి పిలవడం షెడ్డులో ఎవరూ ఇంతకుముందు వినలేదు. రాజేంద్రకు కూడా కొత్తే. ఆయన జయచంద్ర వైపు తిరిగాడు. ఇప్పుడు గొంతులో అమ్మా లేదు.

"సారూ, పది సంతకాలు పడినాయి గదా?"

"పడినాయి."

"ఒక మనిషి తగ్గితే కంపెనీ కాదా?"

"ఎందుకు కాదు? ఇద్దరున్నా అవుతుంది."

"అయితే ఈ ముసలామె పేరు తీసేసి, పది మందితోనే పంపించు. ఆ ఒక్క పేజీ మార్చుకుంటే సరిపోతాది." లేచి నిలబడ్డాడు. "సంతకాలు పెట్టింది మీరే గదా. నేను పట్టి పెట్టించలేదే. కాయితాలు తీసుకోండి సారూ, పోదాం."

జయచంద్ర కట్ట కోసం చేయి చాచాడు. హేమావతి కూడా చాచింది. ఇద్దరికంటే ముందు రామాంజినమ్మ కట్టను తన వైపు లాక్కుంది.

ఆమె తొందరపడలేదు. ముప్పై పేజీలను రెండు చేతుల మధ్య నిలబెట్టి, బల్లకు తట్టి, అంచులు సమం చేసింది. గుడ్డ కదలకుండా పెట్టే ఇనుప దిమ్మెను ఒక కొస మీద పెట్టింది. పొడుగు కత్తెర తీసింది. మధ్యలోంచి, మొదటి నుంచి చివరిదాకా, ఒక్క కోతకు తెగలేదు గాని, నాలుగైదు కోతల్లో కట్ట రెండు ముక్కలైంది. కాయితం తెగే శబ్దం గుడ్డ శబ్దంలా ఉండదు, కరకరమంటుంది. పది మంది సంతకాలు కుడి సగంలో పడ్డాయి. పేర్లు ఎడమ సగంలో మిగిలాయి.

"ఇంగ పంపించుకోండి," అంది.

"అవ్వా! ఇంకా స్కానింగ్ కూడా చేయలేదు నేను!" జయచంద్ర తల పట్టుకున్నాడు.

"చేయలేదా? మంచిది," అంది హేమావతి.

ఆ క్షణంలో ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఇంకో సంగతి తట్టింది. కాయితం పోయినా సంతకాలు మిగిలే ఉన్నాయి. డైరెక్టర్ల కోసం తీసిన డిజిటల్ సంతకాలు. పెన్‌డ్రైవ్ లాంటి చిన్న ముక్క. దాన్ని కంప్యూటర్‌కు గుచ్చి పాస్‌వర్డు కొడితే, మనిషి ఎక్కడున్నా ఆమె సంతకం పడిపోతుంది. వారం క్రితం అవి రాగానే, 'నా దగ్గరే ఉండనీండి, మీకు పోగొట్టుకుంటే కష్టం' అని జయచంద్రే ఉంచుకున్నాడు.

"సారూ, మా సంతకాలు ఇచ్చి పొండి."

"ఏ సంతకాలు?"

"ఆ సంచిలో ఉండేవి."

"అవి ఫైలింగ్ కోసం నా దగ్గరే..."

"ఫైలింగ్ మీరు చేయట్లేదు. ఇంగ మీరు మా పని చేయట్లేదు." హేమావతి గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. ఆమె పక్కన కదిరమ్మ. కదిరమ్మ పక్కన మిగతావాళ్లు. ఎవరూ పిలవకుండానే వచ్చారు. "నా ఆధార్ పెట్టి, నా మొహం చూపించి తీసిన సంతకం అది. నాది. అది లేకుండా మీరు గుమ్మం దాటితే, నేను ఇట్లే పోలీస్ స్టేషన్‌కు పోతా. నా సంతకం ఎత్తుకుపోయినారని రాసిస్తా."

జయచంద్ర రాజేంద్ర వైపు చూశాడు. రాజేంద్ర గోడ వైపు చూశాడు. సంచి జిప్పు తెరుచుకుంది. మూడు ముక్కలు బల్ల మీద పడ్డాయి. ఒక్కోదానికీ తెల్ల కాగితం అంటించి పేరు రాసి ఉంది. కృపాకుమారి చదివింది.

"హేమావతి. కృపాకుమారి." మూడోదాన్ని తిప్పి చూసింది. "రాజేంద్ర."

కదిరమ్మ కళ్లు ఒకసారి మూసి తెరిచింది.

హేమావతి ఆ మూడోదాన్ని అరచేతిలో పెట్టుకొని రాజేంద్ర ముందు చాచింది. "ఇది నీదన్నా. తీసుకో. నీది నీ దగ్గరుంటే మాకేం బాధ లేదు. మాది మా దగ్గరుంటాది."

"పాస్‌వర్డులు ఇప్పుడే మార్చుకుందాం హేమక్కా," అంది కృపాకుమారి.

"పేరు కూడా మర్చిపోండి," అన్నాడు రాజేంద్ర చెప్పులు తొడుక్కుంటూ. "తొమ్మిది రోజుల తర్వాత ఆ సూదిదారం పేరు నేనే తీసుకుంటా."

"తీసుకోవల్లంటే తొమ్మిది రోజులు ఆగల్ల. పేరు నా లాగిన్‌లో ఉండాది. ఆ లోపల మేం ఊరికే కూచుంటామా?"

రాజేంద్ర వెళ్లిపోయేవాడే. మెట్టు దిగి, ఏదో గుర్తొచ్చినవాడిలా ఫోన్ తీశాడు. నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, అందరికీ వినిపించేలా పట్టుకున్నాడు.

"కుళ్లాయప్పా, నీ షెడ్డులోనే ఉండా. ఈ షెడ్డు అడ్రసు మీద కంపెనీ పెట్టుకోమని ఒప్పుకోలు కాయితం రాసిచ్చినావంట గదా?"

అవతల దగ్గు వినిపించింది. కొంచెం ఆగి, ఇంకో దగ్గు.

"ఇచ్చినా అన్నా."

"ఇప్పుడేమంటావు?"

షెడ్డు యజమాని కుళ్లాయప్ప గొంతు సన్నగా వచ్చింది. "హేమా, ఉండావామ్మా ఆడ? నన్ను తప్పు పట్టొద్దు తల్లీ. నా కొడుకు రాజేంద్రన్న కాడ లారీ తోల్తాండాడు. ఆ కాయితం... ఆ కాయితం వద్దనుకో. నెలాఖరు దాకా కుట్టుకోండి, అడ్రసు మాత్రం వేరే చూసుకోండి."

రాజేంద్ర ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. బైకు మీద ఆయన వెనక జయచంద్ర కూర్చున్నాడు. వీధి మలుపు తిరిగేదాకా ఎవరూ గుమ్మంలోంచి కదల్లేదు.

తర్వాత పని ఆగలేదు. రెండు ముక్కలైన కాయితాలను కదిరమ్మే ఏరి సంచిలో వేసింది. కృపాకుమారి అనంతపురానికి ఫోన్ కలిపింది. వాళ్ల చర్చివాళ్ల అమ్మాయి జాయ్ కంపెనీ సెక్రటరీ చదివి, సొంతంగా ఆఫీసు పెట్టుకొని రెండేళ్లయింది. ముందే ఆమె దగ్గరికి వెళ్లి ఉండాల్సింది. జయచంద్ర పెద్దవాడు, అనుభవముంది అని అప్పుడు అందరూ అనుకున్నారు.

జాయ్ మొత్తం విన్నది. మధ్యలో ఒక్కసారే ఆపింది. "కాయితాలు కత్తిరించిందెవరు?"

"రామాంజినమ్మవ్వ."

"ఆమెకు నా నమస్కారం చెప్పక్కా." గొంతులో నవ్వు. వెంటనే పనిలోకి దిగింది. "ఆ షరతుల్లో కొన్ని చట్టం ముందు నిలబడవు. కానీ నిలబడవని తేల్చడానికి ఏళ్లు పడుతుంది. అంతకంటే ఇది నయం. కొత్త కాయితాలు రెండు రోజుల్లో ఇస్తాను. చట్టంలో నమూనా ఉంది, దాన్నే తీసుకుందాం. ఏడుగురు దాటితే ఆన్‌లైన్‌లో కుదరదు, మీరు పదకొండు మంది కాబట్టి పేపరు మీదే సంతకాలు చేయాలి. నేనే వచ్చి ప్రతి లైనూ తెలుగులో చదువుతాను. కదిరమ్మగారి వీడియో రేపు మళ్లీ చేద్దాం. పేరు గడువు కావాలంటే ఫీజు కట్టి పెంచుకోవచ్చు."

"బెంగుళూరు వాళ్లు ఆగరు జాయ్," అంది హేమావతి.

"అయితే గడువు లోపలే పంపిద్దాం. నాకు ఒక్కటి కావాలి. అడ్రసు. ఏ ఇల్లైనా సరే. రెండు నెలలు దాటని కరెంటు బిల్లు, ఆ ఇంటి యజమాని ఒప్పుకోలు సంతకం."

పది మంది ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. హేమావతిది అద్దె ఇల్లు, యజమాని రాజేంద్రకు బావమరిది. కృపాకుమారి ఇల్లు మామ పేరున ఉంది, ఆయన ఎవరి కాయితం మీదా సంతకం పెట్టడు. కదిరమ్మ ఇంటికి ఇంకా మీటరే రాలేదు. ఒక్కొక్కరే చెబుతూ పోయారు. ఎవరి కష్టం వాళ్లకుంది.

"నా ఇల్లుండాది," అంది రామాంజినమ్మ.

ఆమె ఇంటికి పోయి, గోడ మేకుకు గుచ్చిన బిల్లు తెచ్చింది. హేమావతి ఫోటో తీసి పంపింది.

"బాగుంది," అంది జాయ్. "బిల్లు తిప్పేస్వామి పేరున ఉంది. ఎవరాయన?"

కృపాకుమారి ఫోన్‌ను రామాంజినమ్మ వైపు జరిపింది. రామాంజినమ్మే వంగి చెప్పింది. "నా మొగుడు."

"అయితే సులభమే గదవ్వా. ఆయన ఒక్క సంతకం చేస్తే చాలు."

జాయ్‌కు తెలియదు గాని, షెడ్డులో అందరికీ తెలుసు. తొమ్మిదేళ్ల క్రితం రాజేంద్ర గోడౌన్‌లో రెండు తాన్ల గుడ్డ కనపడలేదు. కత్తిరించే మనిషి మీదికి మాట వచ్చింది. అదే గోడౌన్‌కు కాపలా ఉన్న తిప్పేస్వామి ఇంటికి వచ్చి, 'ఒప్పుకో, లేకుంటే ఇద్దరి పనీ పోతాది' అన్నాడు. చేయని తప్పు ఒప్పుకోమన్న మొగుడికి ఆ పొద్దే సంగటి పెట్టడం మానేసింది రామాంజినమ్మ. వారం తర్వాత తాన్లు లారీలోనే దొరికాయి. ఎవరూ ఆమెకు ఆ సంగతి చెప్పడానికి రాలేదు. తిప్పేస్వామి గోడౌన్ గదిలోనే ఉండిపోయాడు. ఒకే ఊళ్లో, నాలుగు వీధుల అవతల. ఎదురుపడితే ఇద్దరిలో ఒకరు వీధి దాటేవాళ్లు.

"వద్దు పెద్దమ్మా," అంది హేమావతి. "ఇంకేదైనా ఇల్లు చూద్దాం. నువ్వు ఆడికి పోనక్కర్లేదు."

"యాడ చూస్తావు? ఇప్పటిదాకా చూస్తివి గదా." రామాంజినమ్మ కొంగు నడుముకు దోపింది. "ఇల్లు కట్టినప్పుడు ఇటుకలు మోసింది నేను. బిల్లు మీద పేరు ఆయప్పది. ఆ ఒక్క పేరుకోసం నేను ఇంట్లో కూచోను. ఆ కాయితం అచ్చు తియ్యి, పాండి."

జాయ్ పంపిన ఒప్పుకోలు పత్రాన్ని జిరాక్సు షాపులో అచ్చు తీసుకునేసరికి మూడు దాటింది. మిగతావాళ్లు ఎప్పుడో అన్నాలకు ఇళ్లకు వెళ్లిపోయారు. హేమావతి, రామాంజినమ్మ ఇద్దరే పెన్న ఒడ్డున ఉన్న గోడౌన్ దారి పట్టారు. ఏటిలో నీళ్లు లేవు, ఇసుక మీదనుంచి గాలి వేడిగా కొడుతోంది. దారిలో ఒకచోట రామాంజినమ్మ ఆగి, కొంగుతో మొహం తుడుచుకొని, "నెత్తి బాగుండాదా?" అని అడిగింది. హేమావతి ఆమె చెవి మీద జారిన వెంట్రుకలు వెనక్కి సర్దింది.

గోడౌన్ ఇనుప గేటు సగం తెరిచి ఉంది. పక్కన కాపలా కుర్చీ ఖాళీ. రాజేంద్ర బైకు లోపల నీడలో నిలిపి ఉంది.

"మనకంటే ముందే వచ్చినాడు," అంది హేమావతి.

రామాంజినమ్మ గేటు మీద చేయి వేసేలోపే తిప్పేస్వామి లోపలనుంచి వచ్చాడు. బాగా తగ్గిపోయాడు మనిషి. ఖాకీ చొక్కా భుజాల మీద వేలాడుతోంది. భార్యను చూసి ఆగిపోయాడు. ఈసారి ఎవరూ వీధి దాటలేదు.

"కాయితం తెచ్చినా," అంది ఆమె. "కంపెనీకి ఇంటి అడ్రసు కావల్ల. సంతకం పెడతావా, పెట్టవా? రెండిట్లో ఒకటి చెప్పు, పోతా."

తొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాటలు అవి.

తిప్పేస్వామి గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడే ఒక సంతకం పెట్టినా రామాంజీ. ఇంటి మీద హక్కు రాజేంద్రకు రాసిస్తాండా అని కాయితం. పెట్టకుంటే ఈ పొద్దే గది ఖాళీ చెయ్యమన్నాడు."

హేమావతి చేతిలోని ఒప్పుకోలు పత్రం వైపు చూసుకుంది. రామాంజినమ్మ మాత్రం కదలకుండా నిలబడింది. "మళ్లా అదే పని చేసినావు," అంది.

"చేసినా." తిప్పేస్వామి చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాయితం తీశాడు. "చేసి, మడిచి, జోబులో పెట్టుకొని బయటికొచ్చినా. ఆయప్ప లోపల ఫోన్ మాట్లాడతాండాడు, ఇంకా చూడలేదు."

కాయితాన్ని ఆమె చేతిలో పెట్టాడు. వెనక్కి తిరిగి, సగం తెరిచిన గేటును బయటనుంచి లాగాడు. గొళ్లెం పడింది. నడుముకు కట్టుకున్న తాళాల గుత్తిలోంచి ఒకటి తీసి, తాళం వేశాడు. ఒకసారి లాగి చూసి, గుత్తిని మళ్లీ నడుముకు దోపుకున్నాడు.

"ఏం చేస్తాండావు నువ్వు?" అంది రామాంజినమ్మ.

"బిరీన పాండి. దావలో పెడతా సంతకం."

అప్పుడే లోపలనుంచి ఎవరో గేటు మీద కొట్టారు. ఒకసారి, రెండుసార్లు. రాజేంద్ర చేతి దెబ్బల్లా లేవవి. గాజుల చప్పుడు వినిపిస్తోంది. హేమావతి తిప్పేస్వామి వైపు చూసింది. ఆయన చూపు నేల మీద ఉంది.

"లోపల ఆయప్ప ఒక్కడే లేడమ్మా," అన్నాడు. "మీ పదకొండు మందిలో ఒకరుండారు. గంట సేపటినుంచి."

గేటు అవతల నుంచి, ఇద్దరికీ బాగా తెలిసిన గొంతు పిలిచింది.

"హేమా... తలుపు తీయమని చెప్పు. నేను చెప్పేది ముందు ఇను."